ములుగు రోడ్డు మీద గడియారంతో పందెం

సైకిల్ మీద గడియారంతో పందెం, అంటే టైమ్ ట్రయల్, మొదలుపెట్టిన మొదటి రెండు మూడు నెలలు ఏం చేసినా టైము తగ్గుతుంది. 20 కిలోమీటర్లకు నాకు మొదట 46 నిమిషాలు పట్టింది, మూడో నెలకు 42కు వచ్చింది. ఆ తర్వాత ఒక ఆదివారం 43 దాటింది, నెల తిరిగాక మళ్ళీ 43. చాలామంది సైకిల్‌ను గోడకు ఆనించేది ఇక్కడే. నేనూ ఆనించేవాడినే గానీ, టైము ఎందుకు పెరిగిందో లెక్క వేసి చూస్తే తప్పు కాళ్ళది కాదని తేలింది.

టైమ్ ట్రయల్ అంటే ఒంటరి పరుగు. పోటీల్లో సాధారణంగా నిమిషానికి ఒకరిని వదులుతారు. ముందు వెళ్ళినవాళ్ళను అందుకున్నా వాళ్ళ చాటున తొక్కకూడదు, పక్కకు జరిగి దాటిపోవాలి. మిగిలింది మనిషి, గాలి, గడియారం. ఇందులో గాలిది పెద్ద వాటా. గంటకు 30 నుంచి 33 కిలోమీటర్లకు పోవాలంటే గాలిని చీల్చడానికి పెట్టే పవర్ పదో వంతు కాదు, మూడో వంతు పెరగాలి.

మా హన్మకొండ నుంచి ములుగు రోడ్డు ఈశాన్యం వైపు పోతుంది. ఆరెపల్లి దాటాక ఒక కిలోమీటరు రాయి నుంచి మొదలుపెట్టి, 10 కిలోమీటర్లు పోయి తిరిగి రావడం నా లెక్క. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి. పోయేటప్పుడు వీపు మీద తడుతుంది, వచ్చేటప్పుడు ఛాతీ మీద నెడుతుంది. పోయేటప్పుడు లాభం, వచ్చేటప్పుడు నష్టం, చెల్లుకు చెల్లు అనుకుంటాం. కాదు. గాలి లేనిరోజు 30 వేగంతో 20 కిలోమీటర్లకు సరిగ్గా 40 నిమిషాలు. అదే 35తో పోయి 25తో వస్తే 17 నిమిషాల 9 సెకన్లు, 24 నిమిషాలు, మొత్తం 41 నిమిషాల 9 సెకన్లు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ. ఇది తెలియకపోతే ‘నెలంతా కష్టపడితే నిమిషం పెరిగిందేంది’ అని మనసు విరుగుతుంది.

అందుకే టైము ఒక్కటే రాయడం మానేశాను. ఇరవై రూపాయల నోటుబుక్కులో తేదీ, బయల్దేరిన గంట, గాలి ఎటు నుంచి, ఎండ ఎంత, టైర్లలో గాలి ఎంత, ఒక్కో 5 కిలోమీటర్ల ముక్కకు పట్టిన టైము రాస్తాను. అసలు విషయమంతా ఈ ముక్కల్లోనే ఉంటుంది. 43 పడిన రోజు మొదటి ముక్క 9 నిమిషాల 20 సెకన్లు, చివరిది 12 నిమిషాలకు పైన. గాలి కొంత, తొందర కొంత.

తొందర గురించి ఇంకొంచెం చెప్పాలి. కొత్తవాళ్ళ టైమును ఎక్కువగా పాడుచేసేది ఇదే. బయల్దేరిన మొదటి రెండు మూడు నిమిషాలు గుండె వేగం ఇంకా అందుకోదు, ఆయాసం రాదు, కాళ్ళు ఉత్సాహంగా ఉంటాయి. ‘ఈ రోజు నాదే’ అనిపిస్తుంది. ఆ అప్పు ఎనిమిదో నిమిషంలో వడ్డీతో వసూలవుతుంది, తొడలు బరువెక్కి మళ్ళీ తేరుకోవు. నేను చేసేదేమంటే, నిలబడి పదిహేను తొక్కుళ్ళలో వేగం అందుకుంటాను, కూర్చుంటాను, మూడు నిమిషాలు కావాలనే తగ్గించి తొక్కుతాను. మొదటి ముక్కలో ‘ఇంత సులువా’ అనిపించాలి, రెండోదానిలో పని చేస్తున్నట్టు ఉండాలి, మూడోది ఎప్పుడైపోతుందా అనిపించాలి, నాలుగోదాని గురించి మాట్లాడుకోవద్దు. ఎదురుగాలి ముక్కలో కొంచెం ఎక్కువ బలం, వెనకగాలిలో కొంచెం తక్కువ. మలుపుకు యాభై మీటర్ల ముందే గేరు తేలిక చేసి, లేచి కూర్చుని వెనక్కి చూసుకోవాలి. బరువు గేరులో తిరిగితే అక్కడే పది సెకన్లు, ఒక మోకాలు పోతాయి.

సాధన వారానికి మూడు రోజులు చాలు. మంగళవారం 15 నిమిషాలు ఒళ్ళు వేడెక్కించి, 8 నిమిషాల చొప్పున మూడుసార్లు గట్టిగా, మధ్యలో 4 నిమిషాలు తేలిగ్గా. గట్టిగా అంటే రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేనంత. రెండో వారం 10 నిమిషాలవి మూడు, మూడో వారం 15వి రెండు, నాలుగో వారం సగానికి తగ్గించి ఆదివారం గడియారంతో 20 కిలోమీటర్లు. గురువారం గంటసేపు ముచ్చట పెడుతూ తొక్కగలిగినంత తేలిగ్గా. వారాంతంలో రెండు గంటలు. ప్రతిరోజూ టైము చూసుకునేవాళ్ళు తొందరగా విసిగిపోతారు, నెలకు ఒక్కసారే పరీక్ష మంచిది.

ఇక వంగి కూర్చోవడం. ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో, 1989లో చివరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో గ్రెగ్ లెమాండ్ 50 సెకన్ల వెనకబాటు దాటి లారెంట్ ఫిన్యోన్ మీద 8 సెకన్లతో మొత్తం రేసు గెలిచాడు. అతని హ్యాండిల్‌కు ముందుకు చాచిన ఏరో బార్లున్నాయి, ఫిన్యోన్‌కు లేవు. అది చదివి వెంటనే బార్లు కొనకండి. ముందు మామూలు హ్యాండిల్ మీదే మోచేతులు వంచి, తల దించి 20 నిమిషాలు ఉండగలగాలి. బార్లు పట్టుకుని ఉన్నంతసేపు బ్రేకులు చేతికి అందవు, కాబట్టి ఖాళీ రోడ్డు మీదే సాధన. సీటు పాత చోటే ఉంచితే తొడలు పొట్టకు తగులుతాయి, తిమ్మిరి వస్తుంది. ఒక సెంటీమీటరు ముందుకు జరిపి చూడాలి. తల మరీ దించి చక్రం చూస్తూ తొక్కడం ప్రాణాలతో ఆట, చూపు ముప్పై మీటర్ల ముందుండాలి.

టైర్లు రాయిలా ఉంటేనే వేగమన్నది అపోహ. మన గరుకు రోడ్ల మీద గట్టి టైరు ఎగురుతుంది, బలం అక్కడే వృథా. నా బరువు 68 కిలోలు, 28 మిల్లీమీటర్ల టైర్లకు ముందు 70, వెనక 75 పీఎస్ఐ పెడతాను. రోడ్డు సైకిల్ సన్న వాల్వుకు పంక్చర్ దుకాణం కంప్రెసర్ పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉంటే బతికిపోతాం. రోడ్డు అంచున రెండు శత్రువులు, పల్లేరు కాయలు, లారీ టైర్లు పగిలి రాలిన సన్న తీగలు. ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలు తిప్పి ఆ తీగ దొరికేదాకా వెతకాలి, లేకపోతే పది నిమిషాల్లో మళ్ళీ పంక్చర్.

యాసంగి కోతలప్పుడు రోడ్డు ఒక పక్క వడ్లు ఆరబోసి అంచున రాళ్ళు పెడతారు. వడ్ల మీద చక్రం పడితే బ్రేకు పట్టదు. అది రైతు కల్లం, మనమే తప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు పొడవకముందే వెనక లైటు వేసుకుని బయల్దేరి, ఏడింటికల్లా ఇంటికి చేరాలి. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, లేదా ముప్పావు గంట ముందు ఒక అరటిపండో. గంటలోపు పరుగుకు మధ్యలో తిండి అక్కర్లేదు. మేడారం జాతర ఏడాది మాఘమాసంలో మాత్రం ఈ రోడ్డు మీద ఆశ వదులుకుని కరీంనగర్ వైపు తిరగడమే.

వానాకాలం పోయాక గాలి దిక్కు మారుతుంది. డిసెంబర్‌లో ఈశాన్య గాలి, అంటే పోయేటప్పుడే ఎదురు. అప్పుడు నోటుబుక్కులో కొత్త పేజీ తెరుస్తాను. జూలై టైముల పక్కన డిసెంబర్ టైములు రాయను, పోల్చను.