తాడు, పూలు, రాళ్లు: పిల్లల ట్రామా థెరపీలో నా అనుభవం

సైకాలజిస్టు అందుబాటులో లేని చోట పిల్లలతో పనిచేయడానికి నేను నేర్చుకున్నది కిడ్‌నెట్. జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో మాగీ షావర్, ఫ్రాంక్ నాయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ రూపొందించిన నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీకి, అంటే భయపెట్టే జ్ఞాపకాలను జీవితకథలో భాగంగా చెప్పించే చికిత్సకు, ఇది పిల్లల రూపం. ఉగాండాలోని నకివాలే శరణార్థుల శిబిరంలో అక్కడి శరణార్థులకే శిక్షణ ఇచ్చి, వాళ్లచేతే ఆ థెరపీ చేయించారు. దీనికి తాడు, గుప్పెడు రాళ్లు, పూలు, కాగితం, పెన్ను చాలు. వీటికంటే కష్టంగా దొరికేది తలుపు వేసుకోగల గది.

ముందు ఒకటి తేల్చుకోవాలి. బిడ్డకు హాని చేసిన మనిషి ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడా? ఉంటే మొదట రక్షణ, ఆ తర్వాతే థెరపీ. చచ్చిపోవాలన్న మాట వినిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి.

తర్వాత, జరిగిన ఘోరం బిడ్డను ఇంకా ఎంత వేధిస్తోందో కొలిచే క్రైస్-8 ప్రశ్నావళి. గత 7 రోజుల గురించి 8 ప్రశ్నలు. అస్సలు లేదంటే 0, అరుదుగా 1, అప్పుడప్పుడు 3, తరచూ 5. మొత్తం 17 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే లోతుగా చూడాలి. కొత్తవాళ్లు అలవాటుకొద్దీ 0, 1, 2, 3 వేసేస్తారు. అప్పుడు 40 రావలసిన చోట 24 దాటదు, నిజంగా బాధపడుతున్న బిడ్డ లెక్కలోంచి తప్పిపోతుంది. చదవలేని పిల్లలకు నాలుగు డబ్బాలు పెడతాను: ఖాళీది, అడుగున కొన్ని గింజలున్నది, సగం నిండినది, పూర్తిగా నిండినది. వాళ్లు వేలితో చూపిస్తారు.

మొదటి పని తాడు పరచడం. పుట్టుక నుంచి నేటిదాకా మంచి సంగతులకు పువ్వు, చెడ్డవాటికి రాయి. ఒక కొసను పరచకుండా చుట్టి ఉంచుతాం, అది రాబోయే జీవితం. ఆ రోజు రాయికి పేరు మాత్రమే పెట్టాలి: "వరద వచ్చిన రాత్రి", అంతే. వివరాల్లోకి దిగితే బిడ్డ రెండోసారి రాదు.

అసలు పని తర్వాతి సెషన్లది. ఒక్కొక్కటి గంట నుంచి గంటన్నర. రాయి పెట్టిన సంఘటనకు కాస్త ముందు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా అడుగుతాను. ఎక్కడున్నావు, ఏం వినిపించింది, ఏ వాసన వచ్చింది, అప్పుడు ఒళ్లు ఎలా ఉంది? వెంటనే, ఇప్పుడెలా ఉంది? అప్పటినీ ఇప్పటినీ ఇలా పక్కపక్కన పెట్టడమే దీని ఆయువుపట్టు.

ఎక్కువగా చెడేదీ ఇక్కడే. బిడ్డ ఏడవగానే మనకే మనసు ఆగదు, "సరేలే, ఆడుకుందాం రా" అనేస్తాం. ఆ జ్ఞాపకం నిజంగానే తట్టుకోలేనిదని బిడ్డకు మనమే నేర్పినట్టవుతుంది. భయం పతాకస్థాయిలో ఉండగా ఆపకూడదు. ప్రమాదం దాటి, క్షేమంగా చేరిన చోటిదాకా కథ నడిపించి, ఊపిరి కుదుటపడ్డాకే ముగించాలి. ఆటలతో, రిలాక్సేషన్‌తో సరిపెట్టి వెళ్లిపోయే కార్యక్రమాలు చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఏడుపు వేరు, చూపు నిలిచిపోయి పలకకపోవడం వేరు. రెండోది జరిగితే కళ్లు మూసుకుని ఊపిరి పీల్చమంటే బిడ్డ ఇంకా దూరమైపోతుంది. కాళ్లు మెలివేసి కండరాలు బిగించమనాలి, చేతులకు చల్లటి నీళ్లు తగిలించాలి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పించాలి. తేరుకున్నాక కథ ఆగిన చోటి నుంచి ఎత్తుకోవాలి.

చెప్పింది రాసుకుని, తర్వాతి సెషన్‌లో చదివి వినిపిస్తాను. "అలా కాదు, ముందు అక్క పరిగెత్తింది" అని పిల్లలే సరిదిద్దుతారు. ముక్కలుగా ఉన్నది కథగా అతుక్కుంటున్నదనడానికి అది మంచి గుర్తు. నా మట్టుకు రోజుకు ఇద్దరు పిల్లలే. మూడో బిడ్డకు చెవి మాత్రమే మిగులుతుంది, మనసు మిగలదు. వారానికోసారి సూపర్‌వైజరుతో కూర్చోవడం తప్పనిసరి.

చివరి రోజు తాడు మళ్లీ పరచి, మొత్తం కథ చదివి, చుట్టి ఉంచిన కొస వైపు ఆశలకు పూలు పెడతాం. రాసిన కాగితాలు బిడ్డవే. అయితే ఇంట్లో ఎవరి కంటబడినా ప్రమాదమైతే మా దగ్గరే తాళం వేసి ఉంచుతాం. ఎక్కడ ఉంచాలో బిడ్డనే అడిగి నిర్ణయిస్తాం.