స్క్రైబ్‌తో డిగ్రీ పరీక్షలు: నా అనుభవం

నాకు పుట్టుకతోనే చూపు లేదు. బీఏలో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదివాను. పాఠాలన్నీ ఫోనులో విని నేర్చుకున్నవే. చదువు ఏనాడూ భారమనిపించలేదు కానీ, నేను చెప్పే జవాబు రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను, పరీక్ష గదిలోకి తీసుకువెళ్లేసరికి తల ప్రాణం తోకకు వచ్చేది. చివరి సంవత్సరం ఏం జరిగిందో చెబుతాను, ఇప్పుడు ఆ దారిలో ఉన్నవారికి పనికొస్తుంది.

అప్పుడు అమల్లో ఉన్న, కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్‌ను మనమే తెచ్చుకునే వీలుండేది, లేదా పరీక్ష పెట్టేవారినే ఇవ్వమని అడిగే వీలుండేది. మనం తెచ్చుకుంటే ఆ మనిషి చదువు మనకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాల్సి వచ్చేది. మా వీధి చివర ఉండే అమ్మాయి అప్పుడే ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. అడగ్గానే "నేనొస్తానక్కా" అంది. వాళ్లమ్మ మాత్రం "రేపేదైనా తేడా వస్తే మా పిల్ల మీద కేసు పెట్టరు కదా?" అని బెంగపడింది. స్క్రైబ్ గురించి ఇచ్చే హామీపత్రంలో సంతకం నాది, పోతే నా పరీక్షే పోతుందని చెప్పి ఒప్పించాను.

పరీక్షల విభాగంలో గుమాస్తా నా సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) చూసి, ఇది చాలదు, చేత్తో రాయలేనని ప్రభుత్వ వైద్యుడి నుంచి మరో కాగితం తెమ్మన్నారు. అంధులకు, రెండు చేతులూ పనిచేయనివారికి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్నవారికి ఆ మార్గదర్శకాల ప్రకారం ఆ కాగితం అక్కర్లేకపోయింది. మిగతా వైకల్యాల వారికే కావలసి వచ్చేది. మా తమ్ముడు మార్గదర్శకాల ప్రతిలో ఆ పేరా కింద గీత గీసి ఉంచాడు. అది చదివాక గుమాస్తా ఇంకేమీ అనలేదు. కానీ స్క్రైబ్ కాగితాల్లో సీఈసీ అని చూశారు. "ఎకనామిక్స్ చదివిన అమ్మాయా? ఇంకేం, ఆమె రాసేస్తుంది, మీరు కూర్చుంటారు."

ఒళ్లు మండింది. అయితే ఆయన అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. స్క్రైబ్ పేరుతో బాగా చదివినవారిని కూర్చోబెట్టి రాయించుకునేవారు ఉన్నారు. అలాంటివారు ఒక్కరు దొరికినా తర్వాత మాకందరికీ సోదాలే. ఏ గ్రూపు చదివి ఉండాలన్నది ఆ ప్రతిలో ఎక్కడా లేదు. అయినా వాదిస్తూ కూర్చుంటే హాల్ టికెట్ చేతికి రాదు. చివరికి ఆ అమ్మాయే ఎంపీసీ చదివిన తన స్నేహితురాలిని వెంటబెట్టుకు వచ్చింది.

ఈ పిల్ల ఇంగ్లిషు మీడియం. తెలుగు రాత అలవాటు తప్పింది, ఆర్థికవేత్త మాల్థస్ పేరు విననైనా వినలేదు. సాయంత్రాలు కూర్చుని సాధన చేశాం. నేను "శంకరుడి శ, షట్కోణం ష, సముద్రం స" అనేదాన్ని. "పేరా" అంటే కొత్త వరుస, "గీత" అంటే ఆ మాట కింద గీయాలి.

పరీక్ష రోజు కింది అంతస్తులో విడిగా గది ఇచ్చారు. మొదటి జవాబు సగంలో ఉండగా "షట్కోణం ష" అన్నానో లేదో ఇన్విజిలేటర్ వచ్చి మీద పడ్డారు. "ఏమిటమ్మా ఆ సంకేతాలు?" నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "సార్, మీరు ఎదురుగా కూర్చుని వినండి. జవాబులో ఒక్క మాట ఆమె నోటి నుంచి వచ్చినా మమ్మల్ని పంపించేయండి" అన్నాను. ఆయన నిజంగానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నాకు కావలసిందీ అదే. కాపీ ఆపాలంటే రాతే సరిగా రాని స్క్రైబ్‌ను వెతికి అంటగట్టనక్కర్లేదు. విడి గది, వినే మనిషి ఒకరు ఉంటే చాలు. నలుగురితో పాటు హాల్లో కూర్చోబెడితే మేము గుసగుసలాడాలి. అప్పుడు ఎవరు ఎవరికి చెబుతున్నారో దేవుడికే తెలియాలి.

డిమాండ్ రేఖాచిత్రం గీయమన్న ప్రశ్నకు మా బోటివారికి బదులు ప్రశ్న ఇవ్వాలి. పేపర్లో లేదు. ఆయనే ఆఫీసుకు ఫోన్ చేసి తెప్పించారు. మూడు గంటలకు బెల్లు కొట్టగానే పేపర్ల కట్ట కోసం అటెండర్ వచ్చాడు. గంటకు 20 నిమిషాల చొప్పున మాకు ఇంకో గంట ఉంది. "వాళ్లది నాలుగు గంటల పరీక్ష, తర్వాత రా" అని అతన్ని పంపించిందీ ఇన్విజిలేటరే.

కొందరు దుర్వినియోగం చేస్తారన్న భయంతో అందరికీ నిరాకరించడం తగదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో చెప్పింది. ఆయనకు రాసేటప్పుడు చేయి పట్టేసే జబ్బు. వైకల్యం 2018 మార్గదర్శకాలు వర్తించే 40 శాతానికి బాగా తక్కువ. అయినా స్క్రైబ్‌కు అర్హుడేనని తీర్పు వచ్చింది. ఆ తర్వాత 2022లో 40 శాతం లోపు ఉన్నవారికీ విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. అయితే వీరికి వైద్యుడి కాగితం తప్పనిసరి చేశారు.

తర్వాతి సెమిస్టర్‌కు దరఖాస్తు, ఫోటోలు, హామీపత్రం అన్నీ మళ్లీ మొదటి నుంచి. ఈలోగా నా స్క్రైబ్ బీటెక్‌లో చేరిపోయింది, ఇక ఆమె చదువు నాకన్నా ఒక మెట్టు తక్కువ కాదని గుమాస్తా ససేమిరా అన్నారు. మీరు వెతుక్కునేటప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లల్ని చూసుకోండి, రెండేళ్లు ఢోకా ఉండదు.