కాల్చిన తాళంచెవి

"కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగారా?" అని నర్సు అడిగింది. అక్క తలూపింది. మేనల్లుడి పిక్క మీద కుక్క పళ్ల గాట్లు. వాడు ఏడుపు ఆపుకుంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

నాకు సెయింట్ హ్యూబర్ట్ తాళంచెవి గుర్తొచ్చింది. మధ్యయుగాల్లో, ఇప్పటి బెల్జియంలోని ఆర్డెన్ అడవుల వైపు, పిచ్చికుక్క కరిస్తే ఆ ఇనుప ముక్కను ఎర్రగా కాల్చి గాయం మీద పెట్టేవాళ్లు. పేరుకే తాళంచెవి, చూడ్డానికి మేకులానో శిలువలానో ఉండేది. వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయలేను. వెంటనే కాలిస్తే గాయంలోని రేబిస్ (పిచ్చికుక్క కాటు జబ్బు) వైరస్ కొంతైనా చచ్చే అవకాశం ఉంది. కానీ పసిపిల్లలకు కూడా అదే వైద్యం!

1199లో కైరోలో యూదు వైద్యుడు మైమోనిడిస్ విషాల మీద అరబిక్‌లో రాసిన గ్రంథం తర్వాత లాటిన్‌లోకి మారి ఐరోపా వైద్యులకు చేరింది. పిచ్చికుక్క కరిచిన గాయాన్ని నలభై రోజుల దాకా మూసుకోనివ్వొద్దన్నాడు. జబ్బు ముదిరి నీళ్లంటే భయం మొదలయ్యాక బతికినవాళ్లను తాను చూడలేదనీ రాశాడు. వైరస్ అన్న ఊహే లేని రోజుల్లో ఎంత నిజాయితీ! ఆ దశకొస్తే ఇప్పటికీ దాదాపు ఎవరూ బతకరు.

1885 జూలైలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్, కుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా వేయించేదాకా అమ్మానాన్నలకు మిగిలింది కాల్చిన ఇనుము, ప్రార్థన. బిడ్డను కదలకుండా పట్టుకున్న ఆ తండ్రులను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.