నెట్ మ్యూజిక్ రాసేవాళ్లకి: కర్ణాటక సంగీత చరిత్ర ఎలా చదవాలి

యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్ల అర్హత పరీక్ష) మ్యూజిక్‌కి కూర్చునేవాళ్లలో చాలామందికి రాగాలు బాగానే తెలుసు. మార్కులు జారిపోయేది చరిత్ర దగ్గర. రెండో పేపర్లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. జతపరచమనేవి, కాలక్రమంలో పెట్టమనేవి అందులో తప్పవు. ఏ గ్రంథానికి ఆ గ్రంథం విడిగా బట్టీపట్టినవాళ్లు అక్కడే తడబడతారు. అందుకే తేదీలకన్నా ముందు సంగీత గ్రంథాల వరుస పట్టుకోండి.

నాట్యశాస్త్రం, బృహద్దేశి, సంగీత రత్నాకరం, స్వరమేళకళానిధి, రాగవిబోధ, సంగీత సుధ, చతుర్దండిప్రకాశిక, సంగీత సారామృతం, చివరికి 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని. ఈ తొమ్మిదీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. తర్వాత ఒక్కోదానికి ఎవరు రాశారు, ఏ రాజు కొలువు, కొత్తగా ఏం చెప్పారు అనే మూడు గడులు గీసి నింపండి. రత్నాకరమైతే శార్ఙ్గదేవుడు, దేవగిరి యాదవరాజు సింహణుడు, ఏడు అధ్యాయాలు. అధ్యాయాల పేర్లు కూడా వరుసలో రావాలి: స్వరగత, రాగవివేక, ప్రకీర్ణక, ప్రబంధ, తాళ, వాద్య, నృత్య.

రాజు గడి దండగ అనుకోకండి. చతుర్దండిప్రకాశికకు ఒక పుస్తకంలో 1620 అని, ఇంకోదాంట్లో 1660 అని కనిపిస్తుంది. విజయరాఘవ నాయకుడి కాలం (1633–73) అని గుర్తుంటే ఆ గొడవ మిమ్మల్ని అంటదు. సంగీత సుధతో ఇంకో చిక్కుంది. గ్రంథం రఘునాథ నాయకుడి పేరు మీద ఉంటుంది, రాసింది గోవింద దీక్షితులని ఆయన కొడుకు, చతుర్దండిప్రకాశిక రాసిన వేంకటమఖే చెప్పాడు. ఆప్షన్లలో రెండు పేర్లూ ఉంటే ప్రశ్న ఏమడిగిందో మళ్లీ చదవండి.

మేళాల (రాగాలకు మూలమైన స్వరవరుసల) లెక్కను ఒకే దారంగా పట్టుకుంటే సగం చరిత్ర దానికదే కుదురుకుంటుంది. రామామాత్యుడు (స్వరమేళకళానిధి, 1550) 20 మేళాలు చెప్పాడు, సోమనాథుడు (రాగవిబోధ, 1609) 23. వేంకటమఖి లెక్కకట్టి 72 చూపించాడు, అయితే తన కాలంలో వాడుకలో ఉన్నవి 19 అన్నాడు. ఈ 72కీ 19కీ తేడా తెలియక తప్పు రాసేవాళ్లే ఎక్కువ. మేళాల పేర్లు కూడా రెండు వరుసలు. 22వ మేళం ఒక పద్ధతిలో ఖరహరప్రియ, ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో శ్రీరాగం. 8 హనుమతోడి, అటు జనతోడి. 65 మేచకల్యాణి, అటు శాంతకల్యాణి. రెంటినీ పక్కపక్కనే రాసుకోండి.

మేళం పేరులోని మొదటి రెండక్షరాలకు అంకెలిచ్చి, తిరగేసి మేళం సంఖ్య తెలుసుకునే కటపయాది సూత్రం అందరూ చదువుతారు, సంయుక్తాక్షరం దగ్గర జారిపడతారు. ధర్మవతిలో ధ 9, ర్మలో మ 5, తిరగేస్తే 59. ఇక్కడ వత్తును లెక్కపెట్టాం. అదే పద్ధతి చక్రవాకానికి వాడితే చ 6, ర 2, తిరగేస్తే 26 వస్తుంది. అది చారుకేశి! చక్రవాకంలో క్ర అంటే క, అంటే 1, కాబట్టి 16. దివ్యమణి (48) కూడా ఇలాంటిదే. రత్నాంగి (2) మాత్రం ధర్మవతి బాట. నియమం వెతకడం కన్నా ఇలాంటివి ఓ చిన్న జాబితా రాసుకోవడం మేలు.

వాగ్గేయకారులకి కాలం, ముద్ర (రచనల్లో పెట్టుకునే సంతకం పేరు), ప్రత్యేక రచనలు చాలు. శ్యామశాస్త్రి (1762–1827): శ్యామకృష్ణ, భైరవి, యదుకులకాంభోజి, తోడి స్వరజతులు. ఇలా ఒక్కొక్కరికి ఒక్క పంక్తి. జీవితచరిత్రలు పేజీలకొద్దీ చదవడం ఇష్టమైతే పరీక్ష తర్వాత చదువుకోండి.

తెలుగులో చదివినవాళ్లు ఒకటి గమనించాలి. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. గ్రంథాల పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి గడుల పట్టికలో ఆ స్పెల్లింగులూ రాసి పెట్టుకుని, పాత పేపర్లు వాటితోనే చేయండి. తప్పు జవాబు రాసిన ప్రతిసారీ పట్టికలో ఏ గడి ఖాళీగా ఉందో చూసి అక్కడ నింపాలి. వారానికోసారి తెల్లకాగితం మీద పట్టికంతా చూడకుండా రాయండి. మళ్లీ మళ్లీ చదవడం వల్ల తెలిసినట్టు అనిపిస్తుంది తప్ప, రాస్తేగానీ బయటపడదు.

కాలక్రమం ప్రశ్నలో నాలుగూ తెలియనక్కర్లేదు. అన్నిటికన్నా ముందుదీ, చివరిదీ గుర్తుపడితే చాలాసార్లు ఒక్క ఆప్షనే మిగులుతుంది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి దేన్నీ వదలకండి.