ఒక్క మార్కు, పుపుస ధమని: నా ప్రిపరేషన్ అనుభవం

రిజల్ట్ వచ్చి మూడు రోజులైంది. ఇంకా రోజుకు నాలుగుసార్లు లిస్టు తెరిచి నా నంబర్ ఉందో లేదో చూసుకుంటున్నాను. ఎలా చదివావని చాలామంది అడిగారు. సిలబస్ మీకు తెలిసిందే, దాని జోలికి పోను. పోయినసారి నన్ను ముంచినవీ ఈసారి గట్టెక్కించినవీ జ్ఞానేంద్రియాలు, నాడీ వ్యవస్థ, రక్త ప్రసరణే. వాటి గురించే చెబుతాను.

పోయినసారి ఒక్క మార్కు తేడాతో పోయింది. అది ఎక్కడ పోయిందో కూడా తెలుసు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని మోసే ధమని ఏది అని అడిగారు. ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అని చిన్నప్పటి నుంచి బట్టీ పట్టిన బుర్ర నాది. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని దగ్గర పెన్ను పెట్టబోయి ఆగాను. ఊపిరితిత్తులంటే ఆక్సిజన్ కదా, అందులో మంచి రక్తమే ఉంటుందిలే అనుకుని పక్క ఆప్షన్ దిద్దేశాను. బయటికొచ్చి పుస్తకం తెరిచాక కాళ్లాడలేదు.

నెల రోజులు పుస్తకం ముట్టుకోలేదు. తర్వాత ఒక రాత్రి తెల్లకాగితం మీద గుండె బొమ్మ గీసి, ఒక్క రక్తపు చుక్క వెంట నడిచాను. శరీరం నుంచి కుడి కర్ణిక (గుండె పై గది), అక్కడి నుంచి త్రిపత్ర కవాటం (ఒకవైపే తెరుచుకునే తలుపు) దాటి కుడి జఠరిక (కింది గది), పుపుస ధమని గుండా ఊపిరితిత్తులు. పుపుస సిరల్లో వెనక్కి ఎడమ కర్ణికకు, మిట్రల్ కవాటం దాటి ఎడమ జఠరికకు, మహాధమనిలోంచి మళ్లీ శరీరానికి. గుండె నుంచి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. లోపల ఏ రక్తం ఉందన్నది వేరే సంగతి! ఇంత చిన్న విషయానికి ఏడాది పోగొట్టుకున్నాను. 'చెడు రక్తం' అనే మాటను నోట్సులోంచే కొట్టేశాను.

దారి తెలిశాక మిగతావి వాటంతటవే వచ్చి చేరాయి. ఎడమ జఠరిక గోడ ఎందుకు మందం? ఒళ్లంతా రక్తాన్ని నెట్టాల్సింది అదే కాబట్టి. 1628లో ఇంగ్లిష్ వైద్యుడు హార్వే రక్తం చుట్టూ తిరుగుతుందని నిరూపించాడు గానీ, ధమనుల నుంచి సిరల్లోకి ఎలా దాటుతుందో చూడలేకపోయాడు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో ధమనుల్నీ సిరల్నీ కలిపే సన్నని రక్తకేశనాళికలను సూక్ష్మదర్శినిలో చూశాక ఆ ఖాళీ నిండింది. ఇలా చదివితే సంవత్సరాలు మర్చిపోమన్నా మర్చిపోం.

నాడీ వ్యవస్థలో అంకెలు తప్పవు, బట్టీ పట్టండి. కపాల నాడులు 12 జతలు, వెన్ను నాడులు 31 జతలు. వేడి తగిలి చేయి లాక్కోవడం వెన్నుపాము పని, మెదడుకు నొప్పి తెలిసేది ఆ తర్వాతే.

కంటికి మాత్రం ఒక ప్రయోగం చేయండి. కాగితం మీద ఎడమవైపు కూడిక గుర్తు, దానికి 8 సెంటీమీటర్లు కుడిగా ఒక చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తెండి. దాదాపు 30 సెంటీమీటర్ల దూరంలో చుక్క మాయమవుతుంది. అదే అంధచుక్క. చూపును మెదడుకు చేర్చే దృక్ నాడి బయటికి వెళ్లే ఆ చోట వెలుగును పసిగట్టే కణాలైన దండాలూ ఉండవు, శంకువులూ ఉండవు.

పేపర్ సులువుగా వచ్చింది కాబట్టి గట్టెక్కాడని కొందరంటున్నారు. మరి ఆ సులువు పేపర్ వాళ్లకూ వచ్చిందిగా. రాత్రి పదింటికి ఫోన్ పక్క గదిలో పెట్టి చదివాను నేను, మొదటి వారం చేతులు లాగేసినా మానలేదు. అదృష్టం అనేవాళ్లు ఆ పని ఒక్క నెల చేసి అప్పుడు మాట్లాడాలి. సరే, కోపం వద్దులే.

ఈసారీ ఒకటి తప్పు రాశాను. లిఫ్ట్ పైకి లేస్తున్నట్టు చెవిలో ఏ భాగం పసిగడుతుందని అడిగారు. బ్యాలెన్స్ అనగానే అర్ధవర్తుల కుల్యలు పెట్టేశాను. అవి తలను అటూ ఇటూ తిప్పడాన్ని గుర్తిస్తాయి. నిట్టనిలువు కదలికను పసిగట్టడం లోపలి చెవిలోని సాక్యూల్ అనే చిన్న సంచి పని. నిన్న లిఫ్ట్ ఎక్కితే అది కదలగానే ఆ మార్కే గుర్తొచ్చింది.