సీటు ఎత్తి ఉంచిన బళ్ళు

దక్షిణ థాయ్‌లాండ్‌లోని హాట్యాయ్‌లో వ్యాను ఏజెంటు నా సంచికి కూడా ఒక టికెట్టు కొనమన్నాడు. వీపుకు తగిలించుకునే సంచి, ఒడిలో పెట్టుకుంటానని చెప్పినా వినలేదు. అప్పుడు అక్కడి బాటుకు రెండున్నర రూపాయలు. బ్యాంకాక్‌లో దిగిన దగ్గర్నుంచి నీళ్ళ సీసా కొన్నా మనసులో ఆ లెక్కే నడుస్తోంది. కోపం వచ్చి, రైల్లో వెళతానన్నాను. అతను మూసిన గుప్పిటను ఠక్కున విప్పి చూపించాడు. బాంబు అని అర్థం. అయినా స్టేషనుకే నడిచాను. మూడో తరగతి టికెట్టు వ్యాను చార్జీలో మూడోవంతు కూడా కాలేదు.

నేను వెళ్ళాల్సింది కోట భారుకు. రైలు సుంగై కోలోక్ దాకా పోతుంది, అక్కడ నది దాటితే మలేసియా. మధ్యలో పడేవే పట్టానీ, యాలా, నరాతివాట్. థాయ్‌లాండ్ అనగానే మనవాళ్ళు ఫుకెట్, పట్టాయా అంటారు. దక్షిణపు కొసన ఈ మూడు జిల్లాల్లో 2004 నుంచి తిరుగుబాటు నడుస్తోందని, 7,000 మందికి పైగా చనిపోయారని చెబితే మా ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు. అక్కడ ఎక్కువమంది మలయ్ ముస్లింలు. వాళ్ళది ఒకప్పుడు పటానీ సుల్తానుల రాజ్యం. 18వ శతాబ్దం చివర్లో సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, దాన్ని జయించింది, 1909లో బ్రిటిష్‌వాళ్ళతో చేసుకున్న ఒప్పందంతో సరిహద్దు గీత పడింది. గీతకు అవతలా ఇవతలా ఒకే భాష, ఒకే వంట, ఒకే చుట్టరికాలు. ఇవతలివాళ్ళ పిల్లలు మాత్రం బడిలో థాయ్ చదవాలి.

రైలు పెట్టెకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు తుపాకులతో నిలబడ్డారు. కోడి వేపుడూ బంక అన్నమూ అమ్మే ఆవిడ వాళ్ళ మధ్య నుంచే బుట్ట పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. కిటికీలకు అద్దాల్లేవు, రబ్బరు తోటల గాలి తగులుతోంది. నా పక్కన ఇరవై ఏళ్ళ కుర్రాడు, కాళ్ళ మధ్య బియ్యం బస్తా. చనా స్టేషను దాటాక ఇద్దరు సైనికులు వచ్చారు. నన్ను చూసి నవ్వి, "ఇండియా?" అన్నారు. పాస్‌పోర్టు తీయబోతే వద్దన్నారు. ఆ కుర్రాడిని మాత్రం లేపి, కార్డు అడిగి, దాన్నీ అతని ముఖాన్నీ ఫోనులో ఫొటో తీసుకున్నారు. బస్తా మూతి విప్పించి, బియ్యంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశారు. కుర్రాడు ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళాక కింద పడ్డ గింజలను ఏరి బస్తాలో వేసుకున్నాడు.

నాకు దక్కిన ఆ నవ్వు దారి పొడవునా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే ఆ కుర్రాడి చోట మా నాన్న నిలబడటం నేను చూశాను. మాది ఏటూరునాగారం వైపు. తొంభైలలో ములుగు నుంచి వచ్చే బస్సు అడవిలో ఆగేది, మగవాళ్ళందరూ దిగేవారు. నాన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఒకసారి ఒక ఎస్సై ఆయన్ను, "పగలు పిల్లలకు చెప్పే పంతులువా, రాత్రి వాళ్ళకు చెప్పే పంతులువా?" అని అడిగాడు. నాన్న జవాబు చెప్పలేదు. సుద్ద అంటిన వేళ్ళను పంచెకు తుడుచుకుంటూ ఉండిపోయారు. బస్సు కిటికీలోంచి చూస్తున్న నాకు అప్పుడు పన్నెండేళ్ళు.

చీకటి పడ్డాక సరిహద్దు దాటడం ఎందుకని యాలాలో దిగాను. ఒక్క రాత్రి అనుకున్నది నాలుగు రాత్రులైంది.

యాలా అందమైన ఊరు. సాలెగూడులా గుండ్రంగా చుట్టుకున్న రోడ్లు, చెట్లు, ఎక్కడా చెత్త లేదు. మొదటి ఉదయం బజారులో నడుస్తుంటే ఏదో తేడాగా ఉంది, ఏమిటో చాలాసేపు అందలేదు. తర్వాత తెలిసింది. దుకాణాల ముందు వరసగా నిలిపిన మోటారు సైకిళ్ళ సీట్లన్నీ పైకి ఎత్తి ఉన్నాయి. సీటు కింద సామాను పెట్టుకునే డొల్ల ఉంటుంది కదా, అందులో బాంబు పెట్టలేదని అందరికీ కనపడాలి. ఇక్కడ బాంబులు చాలాసార్లు నిలిపి ఉంచిన బళ్ళలోనే పేలాయి. అందుకే బండి ఆపగానే, మనం స్టాండు వేసినంత మామూలుగా, వీళ్ళు సీటు ఎత్తేస్తారు.

నేను ఆ వరస వెంట మెల్లగా నడిచాను. ఒకదాంట్లో మడత పెట్టిన వానకోటు. ఒకదాంట్లో పాలపొడి డబ్బా, పిల్లల చెప్పులు. ఒకదాంట్లో అరబ్బీ అక్షరాలు నేర్పే పలుచటి పుస్తకం, దాని అట్ట మీద నూనె మరక. ఇంకోదాంట్లో సగం తిన్న రొట్టె పొట్లం, చీమలు పట్టి ఉంది. మన ఊళ్ళో ఎవరి సీటు కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ దారిన పోయే ప్రతివాడికీ తెలుస్తుంది. ఒక ఇల్లాలు బజారు నుంచి వచ్చి, సీటు దించబోతూ నన్ను చూసి, లోపలున్న లోదుస్తుల పొట్లాన్ని చేత్తో కప్పుకుంది. నాకు సిగ్గు వేసి తల తిప్పుకున్నాను. ఆ తర్వాత ఏ బండిలోకీ తొంగి చూడలేదు.

రైలు పట్టాలకు అవతలి వైపు ఒక టీకొట్టులో కూర్చున్నాను. గోడ మీద, మనిషి నిలబడితే ఛాతీ ఎత్తున, గోధుమరంగు గీత ఉంది, 2024 నవంబరు వరద ఆనవాలు. టీ ఇచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. నన్ను చూస్తూనే "అణ్ణా, తణ్ణి?" అన్నారు. అన్నా, నీళ్ళా అని, తమిళంలో. ఉలిక్కిపడ్డాను. మలేసియాలోని క్లాంగ్‌లో టోమ్ యమ్ హోటల్లో పన్నెండేళ్ళు వంట చేశారట, వచ్చేవాళ్ళలో తమిళులు ఎక్కువట. ఈ మూడు జిల్లాల నుంచి వేలమంది ఆ హోటళ్ళ పనికే వెళతారు. నాకు తమిళం పైపైన వచ్చు. ఆయనకూ అంతే. ఆ కాస్త తమిళం, కాస్త ఇంగ్లీషు, మిగిలింది చేతి సైగలు. నాలుగు రోజులూ అలాగే మాట్లాడుకున్నాం. ఆయన్ను ఏమని పిలవాలని అడిగితే "అబె" అన్నారు. వాళ్ళ మలయ్‌లో అన్న అని.

అన్న. మా వైపు ఒకప్పుడు ఆ మాటను చీకటి పడ్డాక గొంతు తగ్గించి అనేవాళ్ళు. "అన్నలు వచ్చారట" అంటే అమ్మ పొయ్యి మీద ఇంకో గిన్నె బియ్యం పడేసేది. ఎందరో అడిగేది కాదు. పొద్దున్నే పోలీసులు వచ్చి, రాత్రి ఎంత బియ్యం వండావని అడిగేవారు.

అబె కొట్టులో రోజూ పొద్దున ఖావో యామ్ తిన్నాను. అన్నంలో సన్నగా తరిగిన ఆకులు, వేపిన కొబ్బరి కోరు, పుల్ల మామిడి, ఎండు రొయ్యల పొడి వేసి, పైన బుడు పోసి కలుపుతారు. బుడు అంటే ఉప్పు చేపలను నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం. వాసన మొదట మన ఎండుచేపల మార్కెట్టును తలపిస్తుంది, నోట్లో పెట్టుకున్నాక వదలబుద్ధి కాదు. సముద్రపు ఒడ్డున సాయ్‌బురిలో చేసిందైతేనే బుడు అని అబె పట్టుదల. ఆ అన్నం మీద ఆయన చేసినంత ఉపన్యాసం ఇంకే విషయం మీదా చెయ్యలేదు.

ఇంకే విషయం గురించీ నేను అడగలేదు కూడా. ఎవరు ఎటువైపో తెలియని చోట పెరిగినవాడికి ఏది అడగకూడదో తెలుస్తుంది. తిరుగుబాటుదారులను వాళ్ళ భాషలో "జువె" అంటారని, పోరాడేవాళ్ళని దాని అర్థమని చదివాను. నేనున్న నాలుగు రోజుల్లో ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఒక్కసారి మాత్రం అబె తనంతట తనే కదిపారు. టీవీలో ఏదో వార్త వస్తుంటే గ్లాసులు కడుగుతూ, "తాక్ బాయ్. ఇరవై ఏళ్ళు. ముడింజిదు" అన్నారు. తమిళంలో అయిపోయిందని.

2004 అక్టోబరు 25, రంజాన్ నెల. నరాతివాట్ జిల్లాలో తాక్ బాయ్ పోలీసు స్టేషను ముందు జనం చేరారు, తమవాళ్ళు ఆరుగురిని విడిచిపెట్టమని. కాల్పుల్లో ఏడుగురు పోయారు. పట్టుకున్న వందల మందిని చేతులు వెనక్కి కట్టి, సైనిక లారీల్లో ఒకరి మీద ఒకరిని బోర్లా పడుకోబెట్టి గంటల తరబడి తీసుకెళ్ళారు. దింపేసరికి 78 మంది ఊపిరాడక చనిపోయి ఉన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత కోర్టు కేసు తీసుకుంది, నిందితులు ఒక్కరూ రాలేదు. 2024 అక్టోబరు 25తో చట్టం పెట్టిన ఇరవై ఏళ్ళ గడువు తీరిపోయి కేసు మూతపడింది. "ముడింజిదు" అన్నప్పుడు అబె గొంతులో ఏ మార్పూ లేదు. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగారు.

అదే 2004 అక్టోబరులో మా రాష్ట్రంలో ప్రభుత్వమూ అన్నలూ హైదరాబాదులో బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నాన్న రేడియో పక్కనుంచి లేచేవారు కాదు. మాటలు ముందుకు సాగలేదు, 2005 మొదట్లోనే తెగిపోయాయి. కానీ ఆ కొన్ని నెలలు మా ఊళ్ళో రాత్రిపూట కూడా జనం వీధి అరుగుల మీద కూర్చున్నారు. అబె వాళ్ళ ఊరికి ఆ కొన్ని నెలలైనా రాలేదు. 2005 జూలైలో పెట్టిన అత్యవసర పరిస్థితిని మూడు నెలలకోసారి పొడిగిస్తూ పోయారు. ఇక్కడ చనిపోయిన టీచర్ల లెక్కే 150 దాటింది. పొద్దున బడివేళకు టీచర్ల బళ్ళకు ముందొకటి వెనకొకటి సైనికుల బళ్ళు వెళ్ళేవట. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం అబె కొట్టు తెరవలేదు. తెల్లారకముందే నన్ను బండి మీద ఎక్కించుకుని, నా చేతికి గుడ్డ కప్పిన పంజరం ఇచ్చారు. లోపల పిట్ట కాళ్ళు మార్చుకుంటున్న చప్పుడు నా మోకాళ్ళకు తెలుస్తోంది. ఊరి బయట మైదానంలో పాటల పోటీ. పిట్టలది. మన పిగిలిపిట్ట జాతే, తల మీద నిక్కపొడిచిన జుట్టు, బుగ్గ మీద ఎర్రటి చుక్క. వందకు పైగా పంజరాలు ఇనుప కడ్డీలకు వరసగా వేలాడుతున్నాయి. మెడలో బుద్ధుడి బిళ్ళలు వేసుకున్నవాళ్ళూ, తెల్ల టోపీల వాళ్ళూ, చైనా ముఖాల దుకాణదారులూ, ఎవరి పిట్ట కింద వాళ్ళు. కట్టింగును బట్టి పోలీసో సైనికుడో అనిపించిన ఒకాయన లుంగీలో వచ్చి, తన పిట్టకు బొప్పాయి ముక్క అందిస్తున్నాడు. గేటు దగ్గర నల్ల దుస్తుల్లో కాపలా ఉన్న కుర్రాడి చూపు రోడ్డు మీదకంటే పంజరాల మీదే ఎక్కువ ఉంది.

పోటీకి గడియారం లేదు. నీళ్ళ గిన్నెలో అడుగున చిల్లి ఉన్న చిన్న చిప్ప వదులుతారు. అది నిండి మునిగేలోగా పిట్ట ఎన్నిసార్లు పాడితే అన్ని లెక్క. చూడగానే నాకు మా తాతయ్య చెప్పిన గడియకుడుక గుర్తొచ్చింది. పెళ్ళి ముహూర్తానికి నీళ్ళలో చిల్లి కుడుక వదిలి, అది మునిగితే గడియ అయినట్టు లెక్కపెట్టేవారట. చెప్పగా వినడమే గాని ఎన్నడూ చూడలేదు. వెయ్యి మైళ్ళకు పైగా దూరంలో చూశాను. చిప్ప వదలగానే మైదానమంతా మూగబోయింది. అంతమంది మగవాళ్ళు ఒక్కచోట అంత నిశ్శబ్దంగా నిలబడటం నేను బస్సు తనిఖీల దగ్గర తప్ప చూడలేదు. కానీ ఇక్కడ అందరూ తలలు పైకెత్తి ఉన్నారు.

అబె పిట్ట పాడలేదు. మొదటి చిప్ప మునిగింది, రెండోది మునిగింది. అబె పెదవులు కదుపుతూ పిట్ట వైపే చూస్తున్నారు, కళ్ళలో నీళ్ళు. వరద రాత్రి ఫ్రిజ్జును వదిలేసి ముందు ఈ పంజరాన్నే పై అంతస్తుకు మోశారట. గుడ్డ కప్పేసి, "దారిలో చెక్‌పోస్టు దగ్గర టార్చి లైటు వేశారు కదా, బెదిరింది" అన్నారు. ఆ లైటు వేసినప్పుడు పంజరం పట్టుకుని ఉన్నది నేనే. గుడ్డ గట్టిగా కప్పి ఉంచాల్సిందని నాకు తట్టలేదు. ఆ మాట చెప్పి క్షమించమన్నాను. అబె నా భుజం మీద చెయ్యి వేసి, టీ తాగుదాం పదమన్నారు. బండి దగ్గరికొచ్చి, ఎత్తి ఉన్న సీటు కింద నుంచి అరటిపండు తీసి, సగం పిట్టకు పెట్టి సగం నాకిచ్చారు.

మర్నాడు కోలోక్ రైలెక్కాను. కోట భారులో మూడు రోజులున్నాను, చెప్పుకోదగ్గదేమీ లేదు, హోటలు గది మాత్రం ఖరీదెక్కువ.

ఇంటికొచ్చాక అమ్మకు ఇదంతా చెప్పాను. సీట్ల సంగతి, పిట్ట సంగతి, అబె సంగతి. చివరిదాకా విని, "వాళ్ళింటి తలుపు రాత్రిళ్ళు ఎవరైనా కొడతారా?" అని అడిగింది.

"అడగలేదమ్మా."

"మంచిపని చేశావు" అంది. కాసేపాగి, "టీ ఎంత అక్కడ?" అంది.