సీరం ఎక్కడికి పోయింది?

శనివారం, మే నెల.

ఉదయం ఏడింటికే ఉక్క మొదలైంది. సముద్రం మీంచి గాలి వీస్తున్నా విశాఖ ఎంవీపీ కాలనీలో చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. మొహం తుడిచిన రెండు నిమిషాలకి మళ్లీ తడి.

కింది వాటా పిన్నిగారు రెండు మెషీన్లు బల్ల మీద పెట్టి, "ఇవి పెడితే మొహానికి రాసే సీరం లోపలికంటా పోద్దంట, నిజమేటమ్మా?" అని అడిగారు. ఒకటి రేకు పలక లాంటి స్పాచులా, రెండోది గుండ్రటి మెటల్ తల ఉన్నది. డబ్బాల మీద రెండింటికీ 'అల్ట్రాసోనిక్' అనే రాసుంది. పని మాత్రం రెండింటిదీ ఒకటి కాదు.

ముందు నీటిబొట్టు పరీక్ష. స్పాచులా అంచు మీద బొట్టు వేసి ఆన్ చేస్తే సన్నటి పొగమంచులా ఎగిరింది. అంటే అసలు సరుకే. ఈ రకం 24 నుంచి 28 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 24 నుంచి 28 వేలసార్లు కొట్టుకుంటుంది. గుండ్రటి దాని మెటల్ మీద నాలుగు చుక్కలు వేసి, పక్కనున్న సెన్సర్ పట్టీ మీద తడివేలు ఆనిస్తే నీళ్ల పైభాగం సన్నగా వణికింది. ఇది 1 మెగాహెర్ట్జ్ రకం, అంటే సెకనుకి పది లక్షలసార్లు. నీళ్లు కదలకుండా పిడి మొత్తం బుర్రుమని అదిరితే లోపల ఉన్నది ఫోన్లో ఉండే వైబ్రేషన్ మోటారు లాంటిదే. అలాంటివి బజార్లో బాగానే తిరుగుతున్నాయి.

అల్ట్రాసౌండ్‌తో, అంటే చెవికి వినపడని ధ్వనితో, చర్మం గుండా మందు పంపడం కట్టుకథేం కాదు. 1995లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో సమీర్ మిత్రగోత్రి, డానియెల్ బ్లాంక్‌స్టైన్, రాబర్ట్ లాంగర్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇన్సులిన్ లాంటి పెద్ద అణువును కూడా దాటించి చూపించారు. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చిన సోనోప్రెప్ అనే మెషీన్ 55 కిలోహెర్ట్జ్‌ది. అక్కడ వరస గమనించాలి. ముందు సబ్బు గుణమున్న ద్రవం పెట్టి అల్ట్రాసౌండ్ ఇచ్చేవారు, చర్మం వదులయ్యాక మొద్దుబార్చే లిడోకైన్ క్రీమ్ రాసేవారు. మందును తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లే పని ధ్వని చెయ్యడం లేదు, తలుపు గడియ తీస్తోందంతే.

గడియ తీసేవి బుడగలు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర నీళ్లలో స్పందించే బుడగ వ్యాసార్థం సుమారు 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చర్మం పైపొర మందమేమో 10 నుంచి 20 మైక్రాన్లే. ఆ బుడగ చర్మంలో ఎలాగూ పట్టదు, పైనున్న ద్రవంలోనే పుట్టి, చర్మం మీద పగిలి, పొరలోని కొవ్వు వరసల్ని చెదరగొడుతుంది. దానికి తగినంత లోతున నిలిచిన ద్రవం కావాలి, పవర్ కావాలి. స్పాచులాతో మొహం మీద ఉండేది పల్చటి తడి. ఆ తడి కూడా పొగమంచై పోతుంది. "రాసిన సీరం రెండు నిమిషాల్లో ఇంకిపోయింది" అని మురిసిపోతాం గానీ, అందులో కొంత గాలిలోకి ఎగిరింది, కొంత రేకుకి అంటింది. వెయ్యి రూపాయల సీరం ఫ్యాన్ గాలిపాలు!

1 మెగాహెర్ట్జ్ దాని తంటా వేరు. తలకీ చర్మానికీ మధ్య వెంట్రుకవాసి గాలి ఉన్నా 99.9 శాతం ధ్వని వెనక్కి తిరిగిపోతుంది. చిక్కటి క్రీమ్‌ల్లో చిక్కుకున్న గాలి కూడా ఇదే చేస్తుంది. 1992లో ఫిజియోథెరపీ వాళ్లు కొలిస్తే చిక్కటి హైడ్రోకార్టిసోన్ క్రీమ్‌ల గుండా ధ్వని దాదాపు ఏమీ పోలేదు, జెల్ గుండా మాత్రం ఇంచుమించు మొత్తం పోయింది. అందుకే మూడు చుక్కల సీరం మీద ఈ తలను రుద్దితే అది మసాజే. జెల్ లేకుండా నడిపితే తల వేడెక్కి, లోపలి సిరామిక్ బిళ్లను పట్టి ఉంచిన గమ్ ఊడుతుంది కూడా.

స్పాచులా మీద అయాన్ బటన్ ఒకటుంది. కరెంటుతో తోసే పద్ధతి అది, ధ్వనితో సంబంధం లేదు. విద్యుదావేశం ఉన్న అణువునే అది నెట్టగలదు. విటమిన్ సీ సీరం 3.2 పీహెచ్‌లో, అంటే బాగా పుల్లగా ఉంటే, అందులోని విటమిన్ సీలో పదో వంతు కూడా అయాన్లుగా, అంటే ఆవేశమున్న రూపంలో ఉండదు, ఇక నెట్టడానికేముంది? సీరమ్‌లలో కలిపే ఇంకో సరుకు నియాసినమైడ్‌కి ఆవేశమే లేదు.

అయినా పిన్నిగారు గుండ్రటి దానితో ప్రయత్నిస్తానన్నారు. స్కానింగ్‌కి వాడే 250 ఎంఎల్ జెల్ సీసా మెడికల్ షాపులో దొరికింది. మొహం కడిగి తడి అద్దకుండానే చెంపకో టీస్పూను జెల్, తక్కువ లెవెల్, చెంపకి మూడు నిమిషాలు, సెకనుకో సున్నా చుట్టినట్టు కదుపుతూనే ఉండాలి. దవడ ఎముక మీద ఆపితే లోపల్నుంచి సూదిలా నొప్పి వస్తుంది, అది ఎముక పొర వేడెక్కడం. కంటి గుంతలు, గొంతు ముందుభాగం, చీముపట్టిన మొటిమలు వదిలెయ్యాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. ఫ్యాన్ కింద జెల్ గట్టిపడితే నీళ్లు చిలకరించాలి. తర్వాత జెల్ తుడిచి, తడి ఆరకముందే మూడు చుక్కల సీరం.

ఎడమ చెంపకి ఆన్ చేసి, కుడి చెంపకి ఆఫ్‌లోనే అంతసేపూ రుద్దమన్నాను. నాలుగు వారాలు, అదే కిటికీ దగ్గర, అదే వేళకి ఫోటో. నానిన చర్మం ధ్వని లేకపోయినా ఎక్కువ పీలుస్తుంది, ఈ ఉక్కలో మరీను. కుడి చెంప లేకపోతే ఆ ఘనత అంతా మెషీన్ ఖాతాలో పడుతుంది.

"నిజంగా తలుపు తెరుచుకుంటే మంచిదేగా" అన్నారు పిన్నిగారు. తెరుచుకుంటే సీరం ఒక్కటే రాదు, అందులోని సెంటూ ప్రిజర్వేటివూ కూడా వస్తాయి. చర్మాన్ని చురుక్కుమనిపించే రెటినాల్ (విటమిన్ ఏ రకం) రాసే రాత్రి ఇది వద్దనేది అందుకే.

సాయంత్రం స్పాచులా తడి ముక్కు మీద 45 డిగ్రీల వాలులో ఆనించి, ఒత్తకుండా జరిపితే నల్ల గింజలు, జిడ్డు రేకు అంచుకి వచ్చేశాయి. ఆ పనికి భేషుగ్గా ఉంది. గుండ్రటి దానికి ఇంకా ఛార్జింగ్ పెట్టలేదు.